మన వైపు అమ్మాయి

వరంగల్ దాటగానే చెప్పేద్దామనుకుంది సుమిత్ర. వరంగల్ దాటింది. కాజీపేటలో ఇంజను నీళ్ళు పట్టుకునేదాకా బండి కదలదు, అప్పుడు నిమ్మళంగా చెప్పొచ్చులే అనుకుంది. ఆ కాజీపేటలో అంజమ్మకు చాయ్ కావలసి వచ్చింది, శశికళకు మిరపకాయ బజ్జీలు కావలసి వచ్చాయి, రాధాబాయికి ఆ బజ్జీల మీద ఉల్లిగడ్డ చల్లలేదని బజ్జీలవాడితో తగాదా కావలసి వచ్చింది. ఇంజను నీళ్ళు పట్టుకోవడం అయిపోయింది గానీ తగాదా కాలేదు, బండి కదిలాక కూడా కిటికీలోంచి నడిచింది. ఇప్పుడు జనగామ కూడా వెనక్కి జరిగిపోతోంది. ప్లాట్‌ఫారం చివర పసుపు పలక మీద ఊరి పేరు కనిపించి మాయమైంది. ఇంక మిగిలింది ఆలేరు, భువనగిరి, ఘట్‌కేసర్, ఆ తరువాత సికింద్రాబాదే. అక్కడ పుస్తకాల దుకాణం దగ్గర, నలుగురినీ తన ఇంటికి తీసుకుపోవడానికి, మనోరమ నిలబడి ఉంటుంది. పొట్టో పొడుగో తెలియదు, తెలుపో చామనచాయో తెలియదు, ఇన్నేళ్ళుగా తెలిసిందల్లా గొంతే. నన్ను గుర్తుపట్టడం ఎలాగండీ అని అడిగితే, మీ గొంతు వినబడితే చాలండీ, వెయ్యిమందిలో ఉన్నా పట్టేస్తాను అంది మనోరమ. ఆ మాట విన్నప్పటినుంచి సుమిత్రకు అన్నం సహించడం లేదు.

ఎదురుగా కూర్చున్న ముగ్గురికీ ఈ బాధేమీ లేదు. వాళ్ళకు పట్నం పోతున్నామన్న సంబరం తప్ప ఇంకొకటి లేదు. నలుగురూ మానుకోట టెలిఫోన్ ఎక్స్ఛేంజి వాళ్ళే. మహబూబాబాదని బోర్డుల మీద రాస్తారు గానీ ఊళ్ళో ఎవరినడిగినా మానుకోటే. సుమిత్ర, శశికళ ఆపరేటర్లు. అంజమ్మ అటెండరు, అంటే ఊడ్చేదీ నీళ్ళు నింపేదీ ఆమే, అందరి మీదా పెత్తనం చేసేదీ ఆమే. రాధాబాయి నిజానికి పక్కనున్న పోస్టాఫీసులో స్టాంపులు అమ్ముతుంది, కానీ అన్నాలవేళ ఎక్స్ఛేంజిలోనే ఉంటుంది, శశికళ టిఫిన్ డబ్బా అక్కడుంటుంది కాబట్టి. శశికళది మొగుళ్లపల్లి, ఆస్తిపరుల ఇల్లు, ఆ ఇంట్లో మనిషి ఊరు దాటుతోందంటే వెంట సగం వంటిల్లు కదులుతుంది. ఇప్పుడూ అంతే, కాళ్ళ కింద సంచిలో సర్వపిండి, పైన సంచిలో సకినాలు, ఒళ్ళో పల్లిపట్టీలు. శని ఆదివారాలు రెండూ కలిసొచ్చేలా డ్యూటీలు మార్చుకోవడానికి వాళ్ళు బతిమాలని మనిషి లేడు. నుమాయిష్‌లో అంగళ్ళు చూడాలి, చార్మినార్ దగ్గర గాజులు వేయించుకోవాలి, జంతువుల తోటలో జిరాఫీని చూడాలి, అది రాధాబాయి కోరిక. అంజమ్మ కోరిక మాత్రం ఒక్కటే, లిఫ్టు ఎక్కాలి.

"గది పెట్టె లెక్క ఉంటదట గద," అంటోంది అంజమ్మ తమలపాకుకు సున్నం రాస్తూ, "మనం నిలబడుడేనట, గదే మీదికి గుంజుకపోతదట. తాడు తెగద్దని కురవి వీరన్నకు కొబ్బరికాయ మొక్కిన."

ముగ్గురూ నవ్వారు, సుమిత్ర కూడా నవ్వింది, నవ్వుతూనే కిటికీ వైపు తిరిగిపోయింది. జనవరి ఎండ చల్లగా ఉంది, బీళ్ళు, వాటి మధ్య ఏనుగులు పడుకున్నట్టు బండరాళ్ళు, మధ్యమధ్య తాటిచెట్లు. ఇంజను వదిలిన బొగ్గునలుసు ఒకటి వచ్చి కంట్లో పడింది, మంచిదే అయింది, కళ్ళు నులుముకుంటూ ఎంతసేపు కూర్చున్నా ఎవరూ అడగరు. చెప్పాలి, చెప్పకపోతే దిగీదిగగానే కొంప మునుగుతుంది. అంజమ్మ నోరు తెరిచి ఒక్క మాట అంటుంది, అరే మీ సుమిత్ర మా మానుకోట పోరే గదా బిడ్డా అని, అంతే. అంజమ్మ అనకపోతే శశికళ అంటుంది. వాళ్ళు అనడంలో తప్పేముంది, ఉన్నమాటే అంటారు. లేనిమాట మోస్తున్నది తను. అయినా తనేం అబద్ధం చెప్పింది, మాది ఫలానా ఊరని తన నోటితో ఎప్పుడూ అనలేదే, మనోరమే అనేసుకుంది, తను కాదనలేదు, అంతే కదా. అంతే అని ఎన్నిసార్లు అనుకున్నా కడుపులో ఆ బరువు దిగడం లేదు.

మొదట్లో అది స్నేహం కాదు, పని. బోర్డు మీద చిన్న దీపం వెలుగుతుంది, ప్లగ్గు గుచ్చితే చెవిలోకి సికింద్రాబాదు వస్తుంది. సేఠ్‌లకు బేరాలు, ఆఫీసర్లకు బదిలీలు, పెళ్ళివాళ్ళకు ముహూర్తాలు, అన్నీ ఆ తీగమీదే నడుస్తాయి, వాళ్ళు మాట్లాడుకునేంతసేపు ఈ చివర సుమిత్ర, ఆ చివర మనోరమ. లైను ఖాళీగా ఉన్నప్పుడు ఏమిటండీ విశేషాలు అని అడిగింది ఒకరోజు మనోరమ. ఆ అడగడంలో ఎంత తియ్యదనం, నీళ్ళలో కలకండ వేసినట్టు. రేడియోలో వార్తలు చదివేవాళ్ళు మాట్లాడే తెలుగు, పుస్తకాల్లో అచ్చయ్యే తెలుగు, ఒక మనిషి నోట్లోంచి మామూలుగా, వంకాయకూర గురించి చెబుతున్నప్పుడు కూడా వస్తుంటే సుమిత్ర ఆశ్చర్యపోయింది. వంకాయలు భలే లేతగా దొరికాయండీ ఇవాళ. అంతే, ఆ లేతగా అన్న మాటను సుమిత్ర ఆ సాయంత్రమంతా మనసులో తిప్పుకుంది. తనూ అదే తెలుగులో జవాబు చెప్పింది. ఆ తెలుగు తనకు పుట్టుకతో వచ్చింది కాదు, పట్టుబట్టి నేర్చుకున్నది.

ఎందుకు పట్టుబట్టిందో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఆపరేటర్ల ట్రైనింగులో అందరి ముందూ నిలబెట్టి, లైను దొరకనప్పుడు ఫోను చేసినవారికి ఎలా చెబుతావో చెప్పమన్నారు. లైన్ దొరుకుతలేదు, జర ఆగుండ్రి అంది తను. ఎంతో మర్యాదగానే అంది. తన ఇంట్లో పెద్దవాళ్ళతో ఎలా మాట్లాడుతుందో అలాగే అంది. క్లాసంతా ఘొల్లుమంది. మళ్ళీ అనమన్నారు, మళ్ళీ అంది, మళ్ళీ నవ్వారు. సినిమాల్లో దొంగలూ పనివాళ్ళూ మాట్లాడే భాష ఎదురుగా ఒక ఆడపిల్ల మాట్లాడుతుంటే వాళ్ళకది తమాషా అయింది. ఆ రాత్రి అద్దం ముందు నిలబడి ఆగండి, కాస్త ఆగండి, దయచేసి ఆగండి అని వల్లె వేసింది. రేడియో వింటూ నేర్చింది, ట్రైనింగప్పుడు అద్దెకున్న ఇంటి తెనాలి పిన్నిగారి వెంట తిరిగి నేర్చింది. నేర్చుకున్నాక అండీలు అదుపు తప్పాయి. కుక్కను కూడా పొండీ అవతలికి అంది ఒకసారి, కుక్క కదల్లేదు గానీ శశికళ విన్నది, ఆ కథ పోస్టాఫీసుదాకా వెళ్ళింది.

ఇంకా పెద్ద కథ ఒకటుంది, అది ఎవరికీ తెలియదు. ఇంట్లో ఎన్న అంటారు, పుస్తకంలో వెన్న. ఇంట్లో ఎండి, పుస్తకంలో వెండి. ఇంట్లో ఎన్నెల, పుస్తకంలో వెన్నెల. అంటే ఎ వచ్చినచోటల్లా ముందు ఒక వ తగిలిస్తే పుస్తకపు తెలుగైపోతుందన్నమాట అని సుమిత్ర లెక్క తేల్చుకుంది. లెక్క బాగానే కుదిరింది, ఎండాకాలం వచ్చేదాకా. మీ ఊళ్ళో ఎలా ఉందండీ అని మనోరమ అడిగితే, అబ్బో వెండలు మండిపోతున్నాయండీ, బయట కాలు పెట్టలేకపోతున్నామండీ అనేసింది. వెండా, ధర అంతగా పెరిగిందాండీ అని అడిగింది మనోరమ అమాయకంగా. సుమిత్ర ప్లగ్గు లాగేసింది. కాసేపటికి మళ్ళీ కలిసినప్పుడు లైను కట్టయిందండీ అంది. అప్పటినుంచి ఎలుక మాట వస్తుందేమోనని భయపడి పిల్లుల ఊసే ఎత్తలేదు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొచ్చేసింది, కిటికీ ఊచలకు నుదురానించి ఒక్కతే నవ్వుకుంది.

"ఏందే ఒక్కదానివే నవ్వుతున్నవ్?" అంది శశికళ. "కండ్ల బొగ్గు పడితె ఏడుస్తరు గని నవ్వుతరా ఎవలన్న?"

"ఏం లేదు తియ్యి."

"ఏం లేకనే పొద్దటి సంది సర్వపిండి ముట్టలే. పిల్లకు ఏమో అయింది అంజవ్వా, దిష్టి తియ్యాలె."

తీస్తే బాగుండును, ఉప్పూ మిరపకాయలూ తిప్పి అవతల పారేస్తే ఈ రెండో గొంతు కూడా పోయేటట్టయితే ఎంత బాగుండును అనుకుంది సుమిత్ర. వెంటనే వద్దు వద్దు అనుకుంది, ఆ గొంతు పోతే మనోరమా పోతుంది. అమ్మకు కడుపులో గడ్డ అని పట్నం దవాఖానలో చేర్చినప్పుడు సెలవు దొరకలేదు, అన్న వెంకట్రాం వెంట ఉన్నాడు గానీ అతను ఏ కబురు పంపాలన్నా ఉత్తరమే. అప్పుడు మనోరమ రోజూ తన డ్యూటీ ఎక్కగానే ఆ వార్డుకు ఫోను చేసి, సిస్టరుతో మాట్లాడి, మానుకోట లైను పట్టుకుని చెప్పేది. అమ్మగారు ఇవాళ గంజి తాగారండీ. ఇవాళ లేచి కూర్చున్నారండీ. ఇవాళ సిస్టరుతో దెబ్బలాడారటండీ, ఇక భయం లేదు. దెబ్బలాడారని విన్నరోజు సుమిత్ర బోర్డు ముందే ఏడ్చింది, అటునుంచి మనోరమ ఊరుకోండీ ఊరుకోండీ అంటూ తనూ ఏడ్చింది, మధ్యలో ఎవరో పత్తి వ్యాపారి తన నంబరు ఏమైందని గింజుకుంటున్నాడు. అటువంటి మనిషి. ముఖం చూడకుండా ఒక మనిషిని ఇంతగా ప్రేమించవచ్చునని సుమిత్రకు అంతకుముందు తెలియదు.

ఆ పత్తి వ్యాపారే కదా అసలు ముడి వేసింది. ఒకనాడు అతను కాల్ కలవక మనోరమ మీదే అరిచాడు. గా నంబరు గిట్లెట్ల కలుస్తలేదు, గట్లెట్ల జేస్తరు మీరు అని. అతను పెట్టేశాక మనోరమ నవ్వు ఆపుకోలేకపోయింది. గిట్లెట్ల గట్లెట్ల అని అతని గొంతు పెట్టి అనుకరించింది, బాగానే అనుకరించింది, సుమిత్రకూ నవ్వొచ్చింది, నవ్వింది. నవ్వుతుండగానే మనోరమ అంది, అయినా ఈ భాషతో ఎలా వేగుతున్నారండీ మీరు, మన వైపు అమ్మాయి అయ్యుండి, ఒంటరిగా ఆ ఊళ్ళో అని. మన వైపు అంటే తెనాలి వైపు, బెజవాడ వైపు. మన వైపు. ఎంత చిన్న మాట, ఆ మనలో తనను ఎంత దగ్గరకు తీసుకుంది, అలా తీసుకుంటూనే అమ్మనూ అన్ననూ అంజమ్మనూ మొత్తం మానుకోటనూ ఎలా బయట నిలబెట్టింది. ఆ క్షణంలో కాదండీ, మాది ఇక్కడే అంటే సరిపోయేది. మనోరమ సిగ్గుపడేది, అయ్యో అనేది, ఆ తరువాత మాట్లాడేటప్పుడల్లా జాగ్రత్తగా మాట్లాడేది, వంకాయల సంగతి చెప్పడం మానేసేది. అవన్నీ ఒక్క రెప్పపాటులో కనిపించాయి. అలవాటైపోయిందండీ అంది సుమిత్ర.

అలవాటైపోయిందట. అన్న వింటే ఏమనేవాడు. అరవైతొమ్మిదిలో బళ్ళు మూతపడి పరీక్షలు లేకుండా పోయిన ఏడాది, అన్న రోజూ రైలుపట్టాల మీదికి పోయేవాడు. బండ్లు ఆగిపోయేవి, పట్టాలమీద పిల్లలూ పెద్దలూ బారుగా కూర్చునేవారు. బడి లేదన్న సంతోషంలో సుమిత్ర కూడా లంగా జేబునిండా పల్లికాయలు పోసుకుని వెనకాలే పోయి కూర్చునేది, పెద్దవాళ్ళు జై అంటే నోట్లో పల్లికాయలతోనే జై అనేది. ఉద్యోగాలు మనకు మనకే అని అరిచేవారు. ఆ మన వేరు. ఒక మధ్యాహ్నం పోలీసులొచ్చారు, అన్న మోకాలు వాచి ఇంటికొచ్చాడు, అమ్మ వేడినీళ్ళ కాపడం పెడుతూ తిట్టింది, తిడుతూ ఏడ్చింది. ఆ కుటుంబంలోంచి వచ్చిన పిల్ల ఇవాళ ఎవరో మన వైపు అంటే పొంగిపోయింది. పొంగిపోయిందా, కుంగిపోయిందా. రెండూ. అన్న తప్పనేవాడా, లేక పోనీలేవే అని నవ్వేసేవాడా, తెలియదు. అదే పట్టాల మీదే కదా ఈ బండి ఇప్పుడు పోతోంది, ఎవరూ అడ్డం కూర్చోలేదు, టకటకటక ఎంత సుఖంగా పోతోంది. ఈ సుఖం ఏదో సికింద్రాబాదుదాకా తనకూ ఉంటే బాగుండేది.

ఆలేరు ఎప్పుడు పోయిందో పోయింది. భువనగిరి గుట్ట కనిపించింది, ఎత్తుగా నున్నగా, ఒకే ఒక్క రాయి. అంజమ్మ చేతులు జోడించింది, గుట్ట కనిపిస్తే చాలు ఆమె జోడిస్తుంది, పైన ఏ దేవుడున్నాడన్నది తరువాతి సంగతి. ఇంక ఆగితే లాభం లేదని సుమిత్రకు అర్థమైంది. గట్టిగా ఊపిరి తీసుకుని, ముగ్గురి ముఖాల్లోకి కాకుండా సర్వపిండి ముఖంలోకి చూస్తూ, ఉన్నదంతా చెప్పేసింది. మన వైపు దగ్గర్నుంచి అలవాటైపోయిందండీ దాకా.

శశికళ ఒళ్ళో పల్లిపట్టీలు పక్కన పెట్టి నెమ్మదిగా అంది, "అంటే మానుకోటల పుట్టి, మానుకోటల పెరిగి, నువ్వు మానుకోటకు అలవాటు పడ్డవన్నట్టు."

ఇక చూడాలి వాళ్ళ నవ్వు. రాధాబాయి నవ్వి నవ్వి కిటికీ ఊచలు పట్టుకుంది. అంజమ్మ నోట్లో తమలపాకు ఉండబట్టి చేత్తో నోరు మూసుకుని ఊగిపోయింది. ఎదుటి సీటులో నిద్రపోతున్న పెద్దాయన ఉలిక్కిపడి లేచి స్టేషనొచ్చిందా అని అడిగాడు. సుమిత్రకు కోపం రావలసింది, రాలేదు. ఈ నవ్వు వేరే నవ్వు. ఇందులో నిలబడటానికి తనకూ చోటుంది.

"నవ్వుడు గాదు, జెప్పుండ్రి. నేనేం జెయ్యాలె?"

"చేసుడేంది? రెండు దినాలు మేం గూడ గట్లనే మాట్లాడ్తం," అంది శశికళ వెంటనే, పండగొచ్చినట్టు. "ఏమండీ అంజమ్మగారండీ, తమరి ఆకులసంచి ఇటు ఇస్తారాండీ?"

"తీస్కోండీ," అంది అంజమ్మ దర్జాగా. "ఉమ్మేది ఉంటె కిటికీలకెళ్లి ఉమ్మండీ. పక్కపొంటి సార్ మీద పడకుండ సూస్కోండీ."

పెద్దాయన జరిగి కూర్చున్నాడు. రాధాబాయి కళ్ళు తుడుచుకుంది. "నన్ను ఇడ్సిపెట్టుండ్రి తల్లీ. మా తండల యాడితోని, అంటే మా అమ్మతోని, మా లంబాడి గోర్ మాట్లాడ్త, కౌంటర్ల తెలుగు మాట్లాడ్త, పెద్దసారొస్తె నాలుగు ఇంగ్లిష్ ముక్కలు ఇసిరేస్త. రెండు తెలుగులు మీయే, పంచాయితి మీదే. నాకు ఏ తెలుగైన బయటి తెలుగే. గని బజ్జీలోనితోని కొట్లాడనీకె గిదే మంచిగుంటది."

తరువాత అంజమ్మ నవ్వాపి, కొంచెం ముందుకు వంగి సుమిత్ర మోకాలి మీద చెయ్యి వేసింది. "నీ ఇష్టం బిడ్డా. నువ్వు ఎట్ల మాట్లాడితె మేం గట్లనే. నోరు మూసుకొమ్మంటె మూసుకుంట. కష్టమే, గని మూసుకుంట." అంజమ్మ నోరు మూసుకుంటానన్న మాట ఎక్స్ఛేంజి పెట్టిన నాటినుంచి ఎవరూ వినలేదు. సుమిత్రకు కళ్ళు చెమర్చాయి, ఈసారి బొగ్గునలుసు కూడా లేదు. నా కోసం ఇంత పెద్ద మనిషి రెండు రోజులు మూగదవుతానంటోంది. మనోరమ ఇంటి బల్ల దగ్గర వీళ్ళు ముగ్గురూ మాట మింగుతూ, ఒక్కొక్క ముద్దకూ ఒక్కొక్క అండీ వెతుక్కుంటూ కూర్చుంటారా, లిఫ్టులో పైకి పోతుంటే అంజమ్మ వీరన్నా అని అరవకుండా పెదవి కొరుక్కుంటుందా. అదేం పట్నం, అదేం సరదా. అలా అనుకుంటుంటేనే మనోరమ గొంతు, వెయ్యిమందిలో ఉన్నా పట్టేస్తాను అన్న గొంతు, చెవి పక్కనే వినిపించి మళ్ళీ ధైర్యమంతా జారిపోయింది. చెప్పేస్తాను. చెప్పను. మొదటిరోజు చెప్పను, ఆదివారం బండెక్కేముందు చెబుతాను. అప్పుడు చెబితే ఏం లాభం, పారిపోతూ చెప్పినట్టుంటుంది. ఘట్‌కేసర్ వచ్చింది, పోయింది. మౌలాలి గుట్ట వచ్చింది, పట్టాలు ఒకటి రెండై, రెండు పదై విడిపోయాయి, గోడలమీద ఉర్దూ రాతలు, మేడల మీద ఆరేసిన బట్టలు, డబుల్ డెక్కర్ బస్సు చూడుండ్రి అని రాధాబాయి కేక. అందరూ ఒకే కిటికీలోకి తలలు దూర్చారు, ఆ ముద్దలో సుమిత్ర తలా ఉంది, అబ్బ ఎంత పెద్దగున్నదే అని తనూ అంది, ఆ కాసేపు అన్నీ మరిచిపోయింది కూడా.

దిగారు. సంచులు లెక్క చూసుకున్నారు, శశికళ సంచులు ఒక పట్టాన లెక్కకు రావు. తోసుకుంటూ తొక్కుకుంటూ పుస్తకాల దుకాణం దగ్గరికి చేరారు. మనోరమ లేదు. అంటే, ఉన్నా ఎలా తెలుస్తుంది. ఆకుపచ్చ చీర కట్టుకుంటానంది, ఆకుపచ్చ చీరలు నాలుగు కనిపిస్తున్నాయి. వాటిలో ఒకటి పొట్టిగా బొద్దుగా ఉన్న ఒకావిడ, చేతిలో గొడుగు, వీళ్ళకు బారెడు దూరంలోనే నిలబడి మెడ సాచి జనం మీదినుంచి ఎవరినో వెతుకుతోంది. ఇంతలో అంజమ్మ చెప్పు తెగింది. కూసో అవ్వా, గీ సంచి మీద కూసో, పిన్నీసు పెడత అని సుమిత్ర కింద కూర్చుని చెప్పు బాగుచేయడంలో పడింది. కాలు గట్ల గుంజకు, గుచ్చుకుంటది, సక్కగ పెట్టు, గంతే, అయిపాయె అంటోంది. గొడుగావిడ చీర అంచు సుమిత్ర భుజానికి తగులుతోంది. ఆవిడ ఒకసారి కిందికి కూడా చూసింది, ఎవరో పల్లెటూరివాళ్ళు దారికి అడ్డంగా కూర్చున్నారనుకుని కొంచెం పక్కకు జరిగింది. జరిగి, దుకాణం అతన్ని అడిగింది.

"ఏవండీ, బెజవాడనుంచి వచ్చిన బండి ఇదేనాండీ? అందరూ దిగిపోయినట్టేనా? నలుగురు ఆడవాళ్ళు రావాలి, కనబడటం లేదు."

పిన్నీసు సుమిత్ర వేలికి దిగింది. ఆ గొంతు. హెడ్‌ఫోన్ లేకుండా, తీగ గరగర లేకుండా, ఇంత దగ్గరగా. ఇంతసేపూ పక్కనే ఉంది. ఇంతసేపూ తను మాట్లాడుతూనే ఉంది, ఆవిడ వింటూనే ఉంది, వెయ్యిమంది అవసరం లేదు, బారెడు దూరంలో తన గొంతు పట్టలేకపోయింది. పట్టలేదు మరి. ఆవిడ వెతుకుతున్న మనిషి ఈ బండిలో రాలేదు, ఏ బండిలోనూ రాదు. ఒక్క మాట, మనోరమగారూ బావున్నారాండీ అంటే చాలు, ఆవిడ గిరుక్కున తిరుగుతుంది, కావలించుకుంటుంది, అంజమ్మ నోరు మూసుకుంటుంది, అంతా సాఫీగా జరిగిపోతుంది. సుమిత్ర గొంతులో ఆ మాట తయారుగా ఉంది. అంజమ్మ అప్పటికే పెదవులు బిగించి, కళ్ళతోనే అడుగుతోంది, ఆమేనా అని. ఆ బిగించిన పెదవులు చూసి సుమిత్ర లేచి నిలబడింది.

"మనోరమక్కా!"

ఆవిడ తిరిగింది, సుమిత్రను దాటి వెనక ఎవరున్నారో అని చూసింది.

"గిటు సూడక్కా. నేనే సుమిత్రను."

మనోరమ ఆమె ముఖం చూడలేదు, నోరు చూసింది. "సుమిత్రా? మహబూబాబాద్ సుమిత్రేనా?" నవ్వబోయి ఆగింది. "ఏదీ, ఒక్కసారి... ఫోన్లో అన్నట్టు అనండి."

"గామె డ్యూటీ అయిపోయిందక్కా," అంది సుమిత్ర. "నాది మానుకోటనే. పుట్టుడు గాడ్నే, పెరుగుడు గాడ్నే. మీ దిక్కు నేను ఎన్నడు రాలె."

మనోరమ గొడుగు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. "మరి అప్పుడే చెప్పొచ్చు కదమ్మా."

"నవ్వుతవని జెప్పలే."

"నేనా? నేనెందుకు నవ్వుతాను?"

"నవ్వినవక్కా. గా పత్తి సేటు మాటకు. నీతోని నేను గూడ నవ్విన."

జనం చుట్టూ పారుతున్నారు, కూలీలు పక్కకు పక్కకు అంటున్నారు. మనోరమ ముఖంలో ముందు గుర్తులేదన్న చూపు, తరువాత గుర్తొచ్చిన చూపు. సారీ అనలేదు, అయ్యో అనలేదు. అన్నీ పోయాయి అనుకుంది సుమిత్ర. పోతే పోయాయి, అమ్మ గంజి తాగిందని చెప్పిన గొంతు పోయింది, వంకాయలు పోయాయి. ఏడుపొస్తోంది, విచిత్రంగా కడుపులోని బరువు మాత్రం లేదు, పొద్దటినుంచి తిననిది ఇప్పుడు భలే ఆకలిగా ఉంది.

"కొట్లాట ఇంటికి పోయినంక పెట్టుకోండ్రి బిడ్డా," అంది అంజమ్మ, పట్టిన మౌనం అంతకంటే పట్టలేక. "అమ్మా, మీ ఇంటికి లిఫ్టు ఉన్నదా?"

మనోరమ ఆమెను చూసింది, పిన్నీసు పెట్టిన చెప్పును చూసింది, పెదవి చివర ఎక్కడో చిన్నగా కదిలింది. వంగి సంచుల్లో అన్నిటికంటే బరువైనది, సర్వపిండి సంచి, తనే ఎత్తుకుంది. వద్దు వద్దని శశికళ అంటున్నా వినకుండా వంతెన మెట్లవైపు నాలుగడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరిగింది. పరీక్షకు నిలబడ్డ పిల్లలా ఒకసారి గొంతు సవరించుకుంది.

"బస్సు పోతది," అంది. "జర... జర నడువుండ్రండీ!"

ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక రాధాబాయి అక్కడే మెట్ల మీద కూలబడింది. శశికళ సంచి మొహానికి అడ్డం పెట్టుకుంది. నడువుండ్రండీ, నడువుండ్రండీ అంటూ అంజమ్మ చప్పట్లు కొట్టింది. మనోరమ మెడ దాకా ఎర్రబడిపోయింది, అయినా పారిపోలేదు, నవ్వుతున్న వాళ్ళ మధ్యే సంచి మోసుకుంటూ నిలబడింది.

"తప్పా? ఎలా అనాలి మరి?"

"నడువుండ్రి. గంతే. ఎనక అండీ పెట్టద్దు," అంది సుమిత్ర, కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే, ఏడుపో నవ్వో తనకే తెలియకుండా.

"నడువుండ్రి," అంది మనోరమ శ్రద్ధగా. ఊపిరి బిగబట్టుకుని ఒక మెట్టు ఎక్కింది, రెండో మెట్టు ఎక్కింది, ఇక ఆపుకోలేకపోయింది. "...అండీ."

సుమిత్ర పరుగున వెళ్ళి సంచికి రెండో చెవి పట్టుకుంది.

"ఏం కాదు తియ్యక్కా," అంది. "రెండు దినాలుంటం గద, నేర్సుకుందువు."